పాడే పొద్దు ఏమైంది?

"జానపదం చచ్చిపోతోంది" అనే మాట వినిపించని జానపద సభను నేను చూడలేదు. వేదికెక్కిన పెద్దలు దాదాపు అందరూ అక్కడినుంచే ఎత్తుకుంటారు. ఈకాలం పిల్లలకు ఆసక్తి లేదంటారు. టీవీ సగం మింగింది, సెల్‌ఫోన్ మిగతా సగం మింగిందంటారు. ఇంకా ఊపిరితో ఉన్న ముసలివాళ్ళ దగ్గరికి పోయి ఉన్నంతలో రికార్డు చేసుకుంటే పాట దక్కుతుంది, లేకుంటే లేదంటారు. పత్రికల్లోనూ ఇదే రాస్తున్నారు, విశ్వవిద్యాలయాల్లోనూ ఇదే చెబుతున్నారు. నా అభిప్రాయంలో దీంట్లో జబ్బు పేరు తప్పు, మందు తప్పు, నేరం మోపిన మనిషి తప్పు. దీన్ని నమ్మి రెండు తరాల కాలం పోగొట్టుకున్నాం కాబట్టి గట్టిగా చెప్పక తప్పదు.

మాది బెళుగుప్ప మండలం. ఉరవకొండకూ కళ్యాణదుర్గానికీ నడుమ కొంత ఎర్రనేల, కొంత నల్లరేగడి. జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర. అదీ రావలసిన నెలలో రాదు. కన్నడసీమ కూతవేటు దూరం కాబట్టి మా పక్క భజనలో ఒక పాట తెలుగులో ముగిస్తే ఇంకొకటి కన్నడంలో ఎత్తుకోవడం ఎవరికీ వింతగా ఉండదు.

కొన్నేళ్ళ కిందట ఒకాయన దంపుడు పాటలు సేకరించడానికి మా ఇంటికొచ్చినాడు. మంచి మనిషే, ఓపిక కలవాడు. మా అవ్వను వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మూతి దగ్గర రికార్డరు పెట్టి పాడమన్నాడు. అవ్వ రెండు చరణాలు పాడి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అక్కడే ఆగింది. మర్చిపోయిందని ఆయన కాగితంమీద రాసుకున్నాడు. ఆయన పోయినాక నేను అడిగితే అవ్వ అనింది: "ఒక్కదాన్నే ఎట్ల పాడేది నాయనా? నేనొక పోటు ఏస్తే ఎత్తుకునేదానికి ఇంకొక మనిసి ఉండల్ల గదా." ఆ సాయంత్రం పక్కింటి అవ్వను కేకేసింది. ఇద్దరూ అరుగుమీద ఎదురెదురుగా కూర్చుని, రోకళ్ళు లేకుండా మోకాళ్ళమీద చేత్తో తట్టుకుంటూ దీపాలు పెట్టేదాకా పాడినారు. ఆగిపోయిన చరణం దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ పాట మా అవ్వ తలలో లేదు. ఇద్దరు ఆడవాళ్ళ నడుమ ఉంది. ఒకరిని పక్కన పెట్టి రెండోవారిని అడిగితే దొరికేది సగం పాటే. దాన్ని భద్రపరిస్తే మనం భద్రపరిచేది ఆ సగాన్నే.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. దంపుడు పాట పోయినందుకు నేను ఏడవను. మా అవ్వ అరచేతుల్లో కాయలు చూసినవాణ్ణి. బియ్యం మిల్లు వచ్చిననాడు ఊళ్ళో ఆడవాళ్ళు ఎంత సంతోషపడినారో ఆమె నోటనే విన్నాను. కపిల పాటలూ అంతే. ఎద్దులు బావి పక్క వాలుబాటలో దిగుతూ ఎక్కుతూ తోలుబొక్కెనతో నీళ్ళు తోడుతున్నప్పుడు, వాటి నడకకు సరిగ్గా పాడిన పాట అది. కరెంటు మోటారు వచ్చినాక కపిల లేదు, ఎద్దుల్లేవు, చాలా ఊళ్ళలో ఆ బావిలో నీళ్ళూ లేవు. ఆ పాటకోసం ఎవరూ మళ్ళీ ఎద్దుల్ని కట్టనక్కర్లేదు. పని పోయినప్పుడు దాని పాట పోవడం సహజం. ఇలాంటి పాటకు రికార్డరే దిక్కు. అది చేసినవాళ్ళకు నేను చేతులెత్తి మొక్కుతాను. మా పక్కనే రాకట్లలో పుట్టి, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడైన తూమాటి దోణప్ప 'జానపద కళాసంపద' రాసి ఉండకపోతే మా కళల సంగతి మాకే తెలిసేది కాదు. బిరుదురాజు రామరాజు 1950లలో జానపద గేయాలమీద పరిశోధన చేయకపోతే, పల్లెపాటను విశ్వవిద్యాలయం గడప దాటనిచ్చేవాళ్ళే కారు.

నా తగాదా ఇక్కడినుంచి మొదలవుతుంది. పని పోయిన పాట వేరు, వేళ ఉన్న పాట వేరు. పెళ్ళిళ్ళు ఆగిపోయినాయా? జాతరలు ఆగిపోయినాయా? పీర్ల పండుగ ఆగిపోయిందా? శ్రావణంలో భజన, సంక్రాంతికి గొబ్బి, చావింట్లో రాత్రి జాగరణ అన్నీ ఉన్నాయి. ఈ పాటల వేళ ఎక్కడికీ పోలేదు. వీటిని కూడా కపిల పాటతో కలిపి ఒకే ఏడుపు ఏడవడం వల్ల, బతికించుకోగలిగినవాటిని కూడా చచ్చినవాటి లెక్కలో రాసేస్తున్నాం. చచ్చిందని రాసుకున్నదాన్ని బతికించడానికి ఎవరూ డబ్బు పెట్టరు.

ఇంక పిల్లలకు ఆసక్తి లేదనే మాట సంగతి. చెక్కభజన ఎలా నేర్చుకుంటారో ఈ మాట అనేవాళ్ళు ఒకసారి చూసి ఉండాల్సింది. చేతిలో ఇత్తడి బిళ్ళలు బిగించిన కొయ్య చెక్కలు, కాళ్ళకు గజ్జెలు. గురువు పాట అందిస్తాడు, బృందం చెక్కలు కొడుతూ, అడుగు వేస్తూ, పల్లవి అందుకుంటూ తిరగాలి. నోరు ఒక పని, చేయి ఒక పని, కాలు ఒక పని, మూడూ ఒకే తాళంలో పడాలి. ఒక్కడు తప్పితే వరస మొత్తం చెదిరిపోతుంది. అందుకే ఇది ఇంట్లో ఒంటరిగా నేర్చుకునే విద్య కాదు. పది పదహారు మంది రోజూ రాత్రి ఒకేచోట కలవాలి. అట్లా కొన్ని నెలలు. మా చిన్నప్పుడు ఇంకొక ఊరినుంచి గురువును పిలుచుకొచ్చేవాళ్ళు. ఇంటికొక పూట అన్నం, పంట వచ్చినాక గింజలు, ఆఖర్న బట్టలు, దక్షిణ. రామాలయం ముందు లాంతరు వెలుగులో మొదటి అడుగు పట్టుబడేదానికే వారం పట్టేది. తప్పు వేసినవాణ్ణి గురువు పేరు పెట్టి పిలిచేవాడు కాదు, వాడి పక్కన నిలబడి తాను అదే అడుగు వేసేవాడు. వాడికి తెలిసిపోయేది.

ఆ నెలలు ఏవి? శెనక్కాయ పీకి, కాయ ఒలిచి, కట్టె వామి వేసినాక వచ్చే నెలలు. చేలో పని ఉండదు, కడుపులో ఇంత అన్నం ఉంటుంది, చలి రాత్రులు పొడుగ్గా ఉంటాయి. పాట నేర్చే పొద్దు అది. ఇప్పుడు సరిగ్గా ఆ నెలల్లోనే మా ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి. పంట పండని ఏడాది ఇంకా ముందే. హంద్రీ-నీవా కాలువ నీళ్ళు మా మండలంలోని జీడిపల్లి జలాశయందాకా వచ్చినాయి. నీళ్ళు అందిన చేలవాళ్ళు ఊళ్ళో నిలిచినారు. అందనివాళ్ళు బెంగళూరు బస్సెక్కి కట్టడం పనులకు, కేరళకు పోతున్నారు. మళ్ళీ కనబడేది ఉగాదికో, జాతరకో. పదహారు మందిలో తొమ్మిదిమంది ఊళ్ళో లేనప్పుడు మిగిలిన ఏడుగురికి ఎంత ఆసక్తి ఉంటే మాత్రం చెక్కభజన వరస ఎట్లా నిలబడుతుంది? సెల్‌ఫోన్ మింగిందనడం తేలిక. బస్సు తీసుకుపోయిందంటే ఆ బస్సు ఎందుకు నిండుతోందో చెప్పవలసి వస్తుంది.

అట్లా పోయిన ఒక పిల్లవాడు బెంగళూరులో ఇనుప కడ్డీల నడుమ రేకుల షెడ్డులో పడుకుని ఫోనులో ఏం వింటున్నాడో నేను అడిగి చూసినాను. మా పక్క భజన పాటలే వింటున్నాడు. ఎవరో జాతరలో తీసి పెట్టిన వీడియోలు. ఆసక్తి లేనివాడు చేసే పని కాదిది.

తాతల వాద్యం పట్టనివాళ్ళమీద వేసే నింద ఇంతకంటే అన్యాయం. అనంతపురం పక్క ఉరుముల కళ ఒకటి ఉంది. ఉరుము అనే వాద్యాన్ని మెడకు వేలాడదీసుకుని, ఒకవైపు తోలుమీద వంకర పుల్లతో రాస్తూ మోగిస్తారు. మబ్బు ఉరిమినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. వానకు మొహంవాచిన నేలమీద పుట్టిన ఆ ధ్వని విన్నవాళ్ళు మరిచిపోలేరు. దాన్ని తరతరాలుగా మోసింది మాల కుటుంబాలు. అమ్మవారి జాతర వాళ్ళ ఉరుము లేకుండా కదలదు. అదే జాతరలో వాళ్ళు నిలబడవలసిన చోటు వేరు, వాళ్ళకు అన్నం పెట్టిన చోటు వేరు. కొట్టడం వాళ్ళ బాధ్యత అన్నారు. కూలి ఇవ్వడం మాత్రం ఊరి దయ. ఆ ఇంటి పిల్లవాడు డిగ్రీ చదివి "నేను ఉరుము పట్టను" అంటే మన వక్తలు సంప్రదాయం మరిచినాడని బాధపడతారు. వాడు మరిచిపోలేదు. ఆ వాద్యంతోపాటు చేతికి వచ్చే అవమానం అంతా వాడికి గుర్తుంది, అందుకే దించినాడు. అది వాడి ఆత్మగౌరవం, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఉరుము బతకాలని నిజంగా కోరుకునేవాళ్ళు తమ పిల్లల్ని ఆ ఇంటికి పంపి, ఆ తండ్రిని గురువుగారూ అని పిలిపించి, వీణ నేర్పేవారికి ఇచ్చినంత రుసుము ఇచ్చి నేర్పించాలి. అప్పుడు ఆయన కొడుకూ మళ్ళీ పుల్ల పట్టుకుంటాడేమో చూద్దాం. ఇది చేయకుండా కులానికి కళను కట్టేసి, కళ పోతోందని వాళ్ళమీదే నింద వేయడం ఎన్నాళ్ళు?

రికార్డు చేస్తే పాట దక్కుతుందనే నమ్మకానికి జవాబు మా జిల్లాలోనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఉంది. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. అక్కడి తోలుబొమ్మలాట కుటుంబాలు ఇంట్లో మరాఠీ కలిసిన మాట మాట్లాడుకుంటూ, తెరవెనక తెలుగు రామాయణం పాడేవాళ్ళు. తెల్లవార్లూ. ఆడవాళ్ళు సీతకు గొంతిచ్చేవాళ్ళు, మగవాళ్ళు బొమ్మ ఆడిస్తూ కాలికింది చెక్కను తొక్కుతూ తాళం వేసేవాళ్ళు. ఈ రోజు నిమ్మలకుంట పేరు దేశమంతా తెలుసు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు, ఆ గౌరవానికి ఆయన అన్నివిధాలా అర్హుడు. ఆ ఊరి చేతుల్లో తోలు ఇప్పుడు దీపపు గొడుగు అవుతోంది, గోడ బొమ్మ అవుతోంది, నగరాల అంగళ్ళలో అమ్ముడుపోతోంది. అన్నం పెట్టే పని కాబట్టి దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు. తోలు నిలిచింది, రంగు నిలిచింది, ఉలి నిలిచింది. రాత్రంతా సాగే ఆట ఏడాదికి ఎన్నిసార్లు కడుతున్నారో ఆ ఊరికి పోయి అడగండి. కొనేవాడున్న భాగం మిగిలింది. పిలిచి, కూర్చుని, తెల్లవార్లూ చూసే ఊరు కావలసిన భాగం ఒంటరిదైపోయింది. మనం రక్షించామని చెప్పుకుంటున్నది బొమ్మను. బొమ్మకు గొంతిచ్చిన పాట సంగతి ఆ గుర్తింపు కాగితంలో లేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. చైనాలో వూశీ నగర వీధుల్లో అర్‌హూ అనే రెండు తంతుల వాద్యం వాయించుకుని బతికిన అబింగ్ అనే గుడ్డివాడున్నాడు. 1950 వేసవిలో యాంగ్ యిన్‌ల్యూ, సావ్ అన్‌హ అనే ఇద్దరు సంగీత పండితులు తీగమీద ధ్వని ఎక్కించే యంత్రం తీసుకుపోయి ఆయన వాద్యాన్ని రికార్డు చేసినారు. దక్కింది ఆరు రచనలు. అదే ఏడాది డిసెంబరులో ఆయన చనిపోయినాడు. ఆ ఇద్దరూ కొన్ని నెలలు ఆలస్యం చేసి ఉంటే ఆ ఆరూ ఉండేవి కావు. రికార్డు విలువ ఎంతో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఆయన తలలో ఉన్న మిగతా పాటలు? వీధిలో నిలబడి, ఆనాటి ఊరి సంగతులు కట్టి పాడే ఆయన పద్ధతి? అది రికార్డుతో రాలేదు. ఆ ఆరింటిలో ఒకదాన్ని ఈనాడు పెద్ద వాద్యబృందాలు సభాభవనాల్లో వాయిస్తాయి. వింటే కన్నీళ్ళొస్తాయి. అయినా అది ఒక అబింగ్‌ను గుర్తుంచుకోవడమే, ఇంకొక అబింగ్ పుట్టడం కాదు.

ఆ దేశం 1979లో మొదలుపెట్టి 2009దాకా ముప్పై ఏళ్ళు పనిచేసి, రాష్ట్రాలవారీగా పల్లెపాటలు, కథలు, ఆటలు, వాద్యాలు సేకరించి దాదాపు 300 సంపుటాలు అచ్చువేసింది. అంత పని చేసినాక కూడా సంపుటాలు చాలవని తెలుసుకుంది. 2011లో తెచ్చిన చట్టంలో ఒక కళకు వారసులుగా గుర్తించినవాళ్ళకు శిష్యుల్ని తయారుచేసే బాధ్యత పెట్టింది. కారణం లేకుండా నేర్పడం మానేస్తే ఆ గుర్తింపును తీసేయవచ్చు. జాతీయస్థాయి వారసులకు ఏడాదికి 20,000 యువాన్లు ఇస్తున్నారు. అక్కడంతా సవ్యంగా ఉందని నేను చెప్పడం లేదు. గాన్సూ, చింఘాయ్ కొండల్లో పాడే 'హువార్' పాటలు వలపు పాటలు. ఇంట్లో పెద్దల ముందు పాడకూడదు, ఊరి బయట కొండ తిరునాళ్ళలోనే పాడాలి. 2009లో యునెస్కో జాబితాకెక్కిన ఆ పాటను వేదికెక్కించినప్పుడు, ఎవరి చెవిన పడకూడదని దాచి పాడుకున్నారో ఆ దాపరికమే పోతుంది. కానీ ఒక్క సూత్రం మాత్రం నాకు నచ్చింది: డబ్బు ఇచ్చేది నేర్పినందుకు.

మన దగ్గర వృద్ధ కళాకారులకు పింఛను ఉంది. అది వయసుకు ఇచ్చేది. ఇవ్వాలి, పెంచాలి కూడా. నేర్పడానికి ఇచ్చేది వేరే ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ కింది ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాల్లో గురుశిష్య పరంపర పథకం. గురువుకు నెలకు 7,500 రూపాయలు, సహవాద్యకారుడికి 3,750, శిష్యుడికి 1,500. ఆలోచన మంచిది. కానీ శిష్యుడి లెక్క చూడండి. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి రోజుకూలి 300 రూపాయలు. నెలంతా పాట నేర్చుకుంటే ఇచ్చేది ఐదురోజుల మట్టిపని కూలి. బెంగళూరు కూలి దీనికి ఎన్నో రెట్లు. ఇంట్లో అప్పు ఉన్న పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు ఏది ఎంచుకుంటాడు? ఎంచుకున్నాక వాడికి ఆసక్తి లేదని మనం ఎట్లా అనగలం?

ఇంకొక వాదన ఉంది, పండితుల వాదన. ఇప్పుడు వస్తున్నది అసలు జానపదం కాదంటారు. వాళ్ళు ఎక్కువగా వేలు చూపేది ఆడవాళ్ళ కోలాటంమీద. మా చుట్టుపక్కల పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఆడవాళ్ళు బృందాలు కట్టి, ఒకే రంగు చీరలు తీసుకుని, గురువుకు తలా ఇంత నెలరుసుం వేసుకుని కోలాటం నేర్చుకుంటున్నారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడిరావడం వాళ్ళకు పెద్ద పండగ. పాటలు చాలావరకు ఫోనులో దొరికేవే, పాత కోపుల్లో, అంటే అడుగుల వరసల్లో, అన్నీ రావు, జడకోలాటం కొద్ది బృందాలకే వచ్చు. ఇవన్నీ నిజమే. కానీ మా అవ్వ కాలంలో రాత్రిపూట గుడిముందు గజ్జె కట్టింది మగవాళ్ళే. ఆడవాళ్ళు దూరంగా కూర్చుని చూసినారు. ఈ రోజు అంగన్‌వాడీ పని ముగించుకుని, ఇంట్లో వంట చేసిపెట్టి వచ్చిన యాభై ఏళ్ళ మనిషి నడివీధిలో కోలు పట్టి తిరుగుతోంది. ఏ ప్రభుత్వమూ అడగలేదు, ఏ పరిశోధకుడూ చెప్పలేదు. చచ్చిపోయిందన్న కళకు వాళ్ళు తమ డబ్బు, తమ రాత్రులు ఇస్తున్నారు. ఆ బృందానికి పాత కోపులు తెలిసిన ముసలి గురువును పరిచయం చేయడం మన పని. అసలుది కాదని మొహం తిప్పుకోవడం కాదు.

అసలు అన్నదైనా ఎప్పుడుంది? నార్పల దగ్గర గూగూడు కుళ్ళాయప్ప పీర్ల పండుగకు పోయి చూడండి. ఉపవాసం ఉండి గుండం చుట్టూ పాడేవాళ్ళలో హిందువులే ఎక్కువమంది. అఫ్సర్ మహమ్మద్ 2013లో ఆ పండుగమీద పుస్తకమే రాసినారు. ఆ పాటల్లో కర్బలా మా కరువునేలమీదికి దిగివచ్చి, దప్పికతో అల్లాడిన పసివాళ్ళ కథ మా కథలా వినబడుతుంది. ఎక్కడో అరబ్బుదేశంలో జరిగినదాన్ని మా మాటలో కట్టుకున్ననాడు అదీ కొత్తే, ఏ పాత పాటా కాదు. పాటకు మార్పు శత్రువు అయివుంటే ఈ పాట పుట్టేదే కాదు.

మరి చేయవలసిందేమిటంటే, నేను నా మండలం లెక్క చెబుతాను. ఒక చెక్కభజన గురువు, పదహారు మంది పిల్లలు, నలభై రాత్రులు. పిల్లవాడికి రాత్రికి సగం కూలి, 150 రూపాయలు. అది 96,000. గురువుకు పథకం ప్రకారమే రెండు నెలలకు 15,000. మొత్తం 1,11,000 రూపాయలు. ఉరుముకు ఇలాంటి లెక్కే వేయవచ్చు, పిల్లలు తక్కువ పడతారు. మా పక్క ఒక మోస్తరు పెళ్ళి భోజనాలకు ఇంతకంటే ఎక్కువే అవుతుంది. ఇది సేకరణ సభ ఖర్చులోంచి ఇవ్వవచ్చు, ఊరు చందా వేసుకోవచ్చు, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న మా పిల్లలు పంపవచ్చు. నేర్చుకుంటున్న ఆ రాత్రుల్నే రికార్డు చేయండి. తప్పులతో సహా, గురువు దిద్దిన మాటతో సహా. పాడినవాళ్ళ పేర్లు రాయండి, ఒక ప్రతి ఆ ఊరి బడిలోనే ఉంచండి. మా ఇంటికొచ్చి రికార్డు చేసుకున్నదాని ప్రతి ఈ రోజుకీ మా చేతికి రాలేదు.

పెళ్ళిమాట కూడా ఒకటి. నలుగు పెట్టేటప్పుడు ముత్తైదువలకు ఇంకా పాటలు వచ్చు. నేను పోయిన పెళ్ళిళ్ళలో వాళ్ళు గొంతు సవరించుకునేలోపల డీజే పెట్టె మొదలవుతోంది. దాన్ని పూర్తిగా మానమని అడగను, ఊరేగింపుకు ఉండనివ్వండి. నలుగు దగ్గర అరగంట ఆపండి చాలు.

శెనక్కాయ ఇంకా చేలోనే ఉంది. దీపావళి దాటితే బస్సులు నిండుతాయి. గురువుకు కబురు ఆ లోపలే పోవాలి.